కోరంగి మడ అడవుల పడవ: ఓరుగల్లు నుంచి పోయేటోళ్లకు

కాకినాడ పక్కన కోరంగికి పోయొచ్చినోళ్ల మాటలు రెండు తీర్లుగా ఉంటాయి. కదలని నీళ్ల మీద, రెండు దిక్కులా చెట్ల నడుమ పడవలో పోతుంటే పానం కుదుటపడ్డదని ఒకరంటారు. అంతా బురద, వాసన, పైగా పడవ లేదని తిప్పి పంపారని ఇంకొకరంటారు. ఇద్దరి మాటా నిజమే. ఇద్దరూ చూసింది ఒకే కాలువను, వేర్వేరు గంటల్లో.

మన లక్నవరం, పాకాల చెరువుల్లో తూము తెరిస్తేనో మత్తడి దుంకితేనో తప్ప నీళ్లు కదలవు. పొద్దుగాల పోయినా పొద్దుమీకి పోయినా అదే లోతు. ఆ అలవాటుతోనే మనోళ్లు కోరంగికి కూడా రైలు టైము ఒక్కటే చూసుకుని బయలుదేరుతారు. చూడాల్సింది సముద్రపు పోటు టైము. సముద్రం రోజుకు రెండుసార్లు కాలువలోకి ఎక్కుతుంది, రెండుసార్లు దిగుతుంది. ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు. అంటే పోటు ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఏడు రోజులు గడిచేసరికి తేడా ఆరు గంటలకు దగ్గరవుతుంది. ఈ ఆదివారం పదింటికి నిండుగా ఉన్న కాలువ, వచ్చే ఆదివారం అదే పదింటికి అడుగు తేలి ఉంటుందన్నమాట. సెలవు ఆదివారమే కాబట్టి ఈ లెక్క తప్పిందంటే రాత్రంతా చేసిన రైలు ప్రయాణం బురద చూసి రావడానికే.

అమావాస్య, పౌర్ణమి దగ్గర పోటు బాగా ఎక్కుతుంది, ఆటుకు అంతే కిందికి గుంజుకుపోతుంది. అష్టమి దగ్గర రెండింటికీ తేడా తక్కువ. ఇంట్లో గోడకున్న క్యాలెండర్ చాలు, ఇంతవరకు తెలిసిపోతుంది. గంటలు కావాలంటే హైదరాబాద్‌లో సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర సంస్థ ఇన్‌కాయిస్ పోటు అంచనాలు ఉన్నాయి, అందులో కాకినాడ చూడాలి. రేవులో కన్నా లోపలి కాలువల్లో పోటు కొంచెం ఆలస్యంగా అందుతుంది. నీళ్లు దిగినంక పడవ తీస్తే అడుగు బురదలో కూరుకుపోతుంది, మళ్లీ పోటు వచ్చేదాకా లేవదు. పడవవాళ్లు అప్పుడు రామంటే బతిమాలి ప్రయోజనం లేదు.

పోటు నిండడానికి రెండు, రెండున్నర గంటల ముందే గేటు దగ్గరుంటే మంచిది. పడవకు నిండు నీళ్లు కావాలి గానీ, చెట్ల మధ్య వేసిన చెక్కబాట మీద నడవడానికి ఆటే మేలు. అడుగు తేలినప్పుడే కింద బతుకంతా కనిపిస్తుంది: ఒక డెక్క మాత్రం పెద్దగా ఉండి దాన్ని ఊపుతూ తిరిగే ఎండ్రకాయలు, బురద మీద గెంతే చేపలు, మడ చెట్ల చుట్టూ మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన శ్వాసవేర్లు. ఊపిరాడని బురదలో ఉన్న వేర్లకు గాలి అందించేవి అవే. ముందు నడక ముగించుకుని, నీళ్లు ఎక్కుతుండగా పడవ ఎక్కాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

చెక్కబాట తడిస్తే జారుతుంది, పట్టున్న చెప్పులు వేసుకోండి. ఆకులు తుంచొద్దు. అక్కడ తిల్ల చెట్టు ఉంటుంది, దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పిల్లలు వెంట ఉంటే ఈ ఒక్క విషయంలో మరీ పైలం. దోమలకు నిండు చేతుల చొక్కా. తాగే నీళ్లు మీవే తెచ్చుకోవాలి, చుట్టూ ఉన్నవి ఉప్పునీళ్లు.

1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ చోటు 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. బావురుపిల్లి, నీటికుక్క ఇక్కడివే. బావురుపిల్లి రాత్రి తిరిగే జంతువు, పగటి పడవలో కనబడుతుందని ఆశ పెట్టుకోవద్దు. కొంగలు, లకుముకి పిట్టలు మాత్రం దండిగా. నీళ్లు ఇంత నెమ్మదిగా ఉండటానికి ఒక కారణం ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్. ఆ ఇసుక తిన్నె అలల దెబ్బను బయటే ఆపుతుంది. ఒకప్పుడు ఇదే కోరంగి పేరున్న ఓడరేవు. 1839 తుపానుతో ఆ వైభవం పోయింది. అక్టోబరు, నవంబరుల్లో పోవాలనుకుంటే వాతావరణ హెచ్చరికలు చూడకుండా టికెట్ తీయొద్దు. వానాకాలంలో గోదావరి వరద దిగినప్పుడు నీళ్లు ఎర్రగా ఉంటాయి, అప్పుడు అందమూ లేదు, నెమ్మదీ లేదు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది.

లైఫ్ జాకెట్ సంగతి ఓరుగల్లోళ్లకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర మునిగిన పడవలో మన కడిపికొండ వాళ్లూ ఉన్నారు. అది పైన కొండల నడుమ వరద గోదావరి, ఈ కాలువతో పోలిక లేదు. అయినా జాకెట్ వేసుకున్నాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గదవ దాటి వస్తే అది మీ సైజు కాదు, మార్చమని అడగండి. ఫొటో కోసమని బెల్టులు విప్పొద్దు. అందరూ ఒకే పక్కకు లేచి నిలబడొద్దు.

స్పీడ్‌బోటు హుషారు కోరుకునేవాళ్లకు ఇది చప్పగా అనిపిస్తుంది, వాళ్లకు లక్నవరమే దగ్గర. కోనసీమ దిక్కు ఏ కాలువలోనైనా సొంతంగా తెడ్డు పట్టే అవకాశం దొరికితే, మొదట నీటి పారకానికి ఎదురుగా పోవాలి. రెక్కలు అలిసినప్పుడు తిరుగుదారిలో నీళ్లే తోసుకొస్తాయి. దీన్ని తిరగేస్తే సగం దూరంలోనే చేతులెత్తేస్తారు. మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి కూడా తోడవుతుంది, పొద్దుటి పూటే నయం.

పోవడం తేలికే. వరంగల్‌లో రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారి కాకినాడ. అక్కడి నుంచి యానాం రోడ్డు మీద ఇరవై కిలోమీటర్ల లోపే. నడకకు, పడవకు వేర్వేరు టికెట్లు. పడవ టికెట్ తీసే ముందు "పోటు ఎప్పుడు నిండుతది?" అని అడిగి, ఆ జవాబును మీరు రాసుకొచ్చిన గంటతో సరిచూసుకోండి. కాజాల కోసం ఆగేటట్టుంటే వచ్చేటప్పుడు ఆగండి, పోయేటప్పుడు వద్దు.