ఆటోనగర్ వైరింగ్ మేస్త్రి: మా పాత అంబాసిడర్ మీటర్ బోర్డుకు చేసిన పని

విజయవాడ ఆటోనగర్‌లో పాత అంబాసిడర్లకూ ఫియట్లకూ వైరింగ్ పని చేసే ఒక మేస్త్రి ఉన్నారు. షెడ్డుకి బోర్డు లేదు. పాత అంబాసిడర్ వైరింగ్ ఎవరు చేస్తారని స్పేర్ పార్టుల షాపుల్లో అడిగితే దారి చూపిస్తారు. పాత బండి ఉన్నవాళ్లు ఈయన దగ్గరికి ఒక్కసారైనా వెళ్లాలని నా అభిప్రాయం. ఎందుకంటే ఈయన ముందు జబ్బు ఎక్కడుందో కనిపెట్టి, ఆ తర్వాతే వైరు మీద చెయ్యి వేస్తారు.

మాది 1977 మోడల్ మార్క్ 3, డైనమో (ఇంజనుతో తిరుగుతూ బ్యాటరీని ఛార్జ్ చేసే పాతరకం యంత్రం) ఉన్న పెట్రోల్ బండి. తెనాలిలో చుట్టాల పెళ్లిళ్లకి ఇప్పటికీ పెళ్లికొడుకుని దీంట్లోనే తీసుకెళ్తారు. టింకరింగ్, పెయింటింగ్ చేయించి తెచ్చాక డ్యాష్‌బోర్డులో తేడాలు మొదలయ్యాయి. లైట్ల స్విచ్ వేస్తే పెట్రోల్ ముల్లు తన చోటు నుంచి కదిలేది. ఇండికేటర్ వేస్తే దాంతో పాటే ఆడేది. మీటర్ బల్బులు మసకగా వెలిగేవి. వీటికి తోడు పొద్దున సెల్ఫ్ కొడితే ఇంజను నీరసంగా తిరిగేది, చోక్ నాబ్ (చల్లటి ఇంజను స్టార్ట్ చేసేటప్పుడు లాగే పిడి) వెనక తీగ చెయ్యి పెట్టలేనంత వేడెక్కేది. రాత్రి ఊరేగింపులో బండి నడపాలంటే నాకు టెన్షన్‌గా ఉండేది.

అంతకు ముందు చూపించిన ఒక షాపులో వైరింగ్ కిట్ మొత్తం మార్చాలన్నారు. ఇంకోచోట పెట్రోల్ మీటరే పోయిందన్నారు. ఇద్దరిలో ఎవరూ మల్టీమీటర్ (వోల్టులు కొలిచే పరికరం) బయటికి తీయలేదు.

ఈ మేస్త్రి డిక్కీలోంచి మొదలుపెట్టారు. పెట్రోల్ ఎంతుందో చెప్పే ట్యాంకు ఫ్లోటుకి వచ్చే వైరు ఊడదీసి, బాడీకి ఒక్క క్షణం తాకించారు. ముల్లు ఫుల్ దాకా వెళ్లింది. అంటే మీటరు బాగానే ఉంది, ట్యాంకు దాకా వైరూ బాగానే ఉంది. మీటరు మార్చాలన్న మాట అక్కడే పక్కకి పోయింది.

తర్వాత లైట్లు వేయించి, మల్టీమీటర్ ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండో కొన మీటర్ బోర్డు రేకు మీద పెట్టారు. 1.4 వోల్టులు చూపించింది. ఎర్త్ (కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే దారి) సరిగ్గా ఉంటే అక్కడ దాదాపు సున్నా రావాలి. వైర్లో వెళ్లిన కరెంటు బ్యాటరీకి తిరిగి చేరడానికి ఈ బండ్లలో బాడీయే దారి. ఆ దారిలో పెయింటో తుప్పో అడ్డుంటే పెట్రోల్ మీటరు, మీటర్ బల్బులు, ఇండికేటర్ బల్బు ఒకే ఇరుకు దారిలో తోసుకుంటాయి. ఒకటి వెలిగితే ఇంకోటి కదలడానికి కారణం అదే. ఆయన ఒక వైరు తీసుకుని బ్యాటరీ నెగటివ్ నుంచి నేరుగా బోర్డు రేకుకి తాకించగానే బల్బులు తెల్లగా వెలిగాయి, ముల్లు నిలబడిపోయింది. "చూశారుగా సార్, ఎర్త్" అన్నారు. మళ్లీ వివరించాల్సిన అవసరం రాలేదు.

డ్యాష్ వెనక నల్ల వైర్లన్నీ కలిసే స్క్రూ కింద కొత్త పెయింటు ఉంది. ఇంజనుకీ బాడీకీ మధ్య ఉండే అల్లిక పట్టీ కింద కూడా అంతే. పెయింటింగ్‌లో ఊడదీసి, రంగు గీకకుండానే మళ్లీ బిగించారు. పట్టీ గుండా కరెంటుకి దారి లేకపోవడంతో సెల్ఫ్ మోటార్ లాగే భారీ కరెంటు చోక్ తీగ మీదుగా వచ్చేది, అందుకే ఆ వేడి. రెండు చోట్లా ఇనుము మెరిసేదాకా గీకి, వైర్ల కొనలకి కొత్త లగ్గులు (స్క్రూ కింద బిగించే లోహపు ముక్కలు) వేసి, నక్షత్రం వాషర్లతో బిగించి, పైన కొద్దిగా వ్యాజిలిన్ రాశారు. మళ్లీ కొలిస్తే 0.1 కంటే తక్కువ వచ్చింది.

నాకు బాగా నచ్చిన పని ఇంకోటి ఉంది. ఎప్పుడో ఎవరో పాటల డెక్కు కోసం ఇగ్నిషన్ తెల్ల వైరుని మధ్యలో చెక్కి, మెలేసి, టేపు చుట్టి వదిలేశారు. మా బండిది బ్రిటిష్ రంగుల పద్ధతి. గోధుమ రంగు బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది, తెల్లది ఇగ్నిషన్ వేస్తే వచ్చేది, ఆకుపచ్చది ఫ్యూజు దాటాక వచ్చేది, నల్లది ఎర్త్. మొదటి రెండింటికీ ఫ్యూజు ఉండదు. అక్కడ షార్ట్ అయితే వైరు కట్ట మొత్తం కాలుతుంది. ఆయన నేను అడక్కుండానే ఆ అతుకు తీసేసి, డెక్కుకి ఆకుపచ్చ వైరు నుంచి విడిగా ఫ్యూజుతో లైను ఇచ్చారు. ఫ్యూజు బాక్సులో ఫ్యూజుకి బదులు చుట్టిన రాగి పోచలు కూడా తీసి పడేశారు. హెడ్‌లైట్లకి రిలేలు (స్విచ్ నుంచి చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసేవి) వేయమని నేనే అడిగాను. కంపెనీ వైరింగ్‌లో లైట్ల కరెంటంతా డ్యాష్ స్విచ్ గుండానే పోతుంది, ఇంత వయసు స్విచ్‌కి ఆ బరువు తగ్గించడం మంచిదే.

నచ్చనివీ చెప్పాలి. రిలేల దగ్గర ఎర్త్‌కి నల్ల వైరు బదులు చేతికందిన ఎర్ర వైరు వాడారు. రేపు ఇంకో మేస్త్రి దాన్ని చూసి లైవ్ అనుకుంటాడు. అడిగితే చీటీ కట్టారు గానీ మార్చలేదు. అంత శ్రద్ధగా పని చేసే మనిషి ఇక్కడ రాజీ పడకూడదు. బిల్లు ఇవ్వరు. ఫోన్ ఎత్తరు. కూర్చోడానికి నీడ తక్కువ, ఎండాకాలంలో పెద్దవాళ్లని వెంట తీసుకెళ్లకండి. చేతిలో ఉన్న బండి పూర్తయ్యేదాకా ఇంకోటి ముట్టరు కాబట్టి ఆ రోజుకి వేరే పని పెట్టుకోవద్దు.

రిలేలు, వైరు, లగ్గులు అన్నీ కలిపి 2,800 తీసుకున్నారు. కిట్ మార్చాలన్న షాపు చెప్పిన దాంట్లో ఇది చిన్న భాగం. డైనమో బండి కాబట్టి స్లోలో ఛార్జింగ్ లైటు కొద్దిగా వెలుగుతుందనీ, రేస్ ఇస్తే పూర్తిగా ఆరిపోవాలనీ, ఆరకపోతే కటౌట్ (డైనమోని బ్యాటరీకి కలిపే, విడదీసే స్విచ్) చూపించమనీ చెప్పి పంపారు.

వెళ్లేవాళ్లు బండికి ఏ పని ఎప్పుడు చేయించారో గుర్తు చేసుకుని వెళ్లండి. పెయింటింగ్ తర్వాత మొదలైందన్న ఒక్క మాటతో ఆయన వెతకాల్సిన చోటు సగానికి తగ్గింది. ట్యాంకులో ఎన్ని లీటర్లు ఉన్నాయో తెలిసేలా పోయించుకుని వెళితే, పని అయ్యాక ముల్లు నిజం చెబుతోందో లేదో అక్కడే సరిచూసుకోవచ్చు.