మెట్టచేనుకు కంచె: నాగజెముడా, కిత్తనారా?

బోరు లేని చేను చుట్టూ నాటే కంచెకు మళ్లీ మళ్లీ నీళ్లు పోసే పని ఉండకూడదు, మేకలు నోరు పెట్టకూడదు. రాయలసీమ మెట్టల్లో ఈ రెండింటికీ తట్టుకునేవి నాగజెముడు, కిత్తనార. రెండూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. పగలు ఆకురంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరుస్తాయి. అప్పుడు తీసుకున్న కార్బన్ డయాక్సైడ్‌ను ఆమ్లంగా దాచుకుని తెల్లారాక వాడుకుంటాయి. అందుకే మండుటెండలోనూ ఒంట్లో నీరు పోదు.

త్వరగా కంచె కావాలంటే నాగజెముడే. మట్ట విరిచి, గాయం ఆరేదాకా నీడలో ఉంచి గుచ్చితే చాలు. కరువులో ముళ్లు కాల్చి పశువులకు మేతగా కూడా వేయొచ్చు. కానీ పెద్ద ముళ్ల మొదట్లో కుచ్చులుగా ఉండే నూగు ముళ్లున్నాయే, అసలు తంటా వాటితోనే. కొసన కొక్కేలుంటాయి, వేలికి దిగితే ఓ పట్టాన రావు. పైగా కింద పడ్డ ప్రతి మట్టా వేరు పట్టి చేలోకి పాకుతుంది. ఒకప్పుడు దక్షిణాదిలో ఇది ఎంతగా అల్లుకుపోయిందంటే, అణచడానికి 1926లో ప్రత్యేకంగా ఒక కోచినీల్ పురుగును తెచ్చి వదిలారు. మట్టల మీద తెల్లటి దూదిలా కనిపించేది ఈ జాతి పురుగే. నలిపితే ఎర్రరంగు అంటుతుంది.

నా ఓటు కిత్తనారకు. దాని ఆకును దగ్గరగా చూడండి: మొగ్గలో ఉన్నప్పుడు పక్క ఆకు ముళ్లు నొక్కుకున్న అచ్చు ఒంటి మీద అలాగే ఉంటుంది. ఆ ముళ్లు పశువును గట్టు దాటనివ్వవు. నారతో మోకులు పేనుకోవచ్చు. పదేళ్లకో ముప్పయ్యేళ్లకో ఇరవై అడుగులకు పైగా కాడ వేసి, ఒక్కసారే పూసి చస్తుంది. అప్పటికే చుట్టూ పిలకలు లేచి ఉంటాయి కాబట్టి కంచె తెగదు. రసం తగిలితే దురద, కోసేటప్పుడు ఒళ్లు కప్పుకోవాలి.

కాడజెముడు కూడా మంచిదే, కానీ పాలు కంట్లో పడితే ప్రమాదం. పిల్లలు తిరిగే చోట వద్దు. సర్కారు తుమ్మ జోలికి అసలు పోవద్దు. 1877లో జమైకా విత్తనంతో కడప జిల్లా కమలాపురంలో నాటింది ఇప్పుడు ఎక్కడ లేదు గనక! మేకలు కాయలు తిని, పెంటికలతో ఊరంతా విత్తుతాయి.

కిత్తనార పిలకలు తొలకరికి మూడడుగులకొకటి, రెండు వరసలుగా పెట్టండి. అవి కలుసుకునేదాకా సందుల్లో తుమ్మ కంప అడ్డం వేసుకోవచ్చు, కాయల్లేని కొమ్మలు చూసి కొట్టాలి.