టార్గెట్ లిస్ట్ ఎక్స్‌పోర్ట్: ఆర్‌ఏ, డెక్ గంటలు-నిమిషాల్లో మేలా, దశాంశ డిగ్రీల్లో మేలా?

గోటూ (కోరిన వస్తువు వైపు దానంతట అదే తిరగమనే కమాండ్) కొట్టగానే టెలిస్కోప్ ఖాళీ ఆకాశం వైపు తిరిగిందంటే మనం ముందు తిట్టేది మౌంట్‌నే, అంటే దాన్ని మోసి తిప్పే స్టాండ్‌నే. నేనూ ఓ రాత్రంతా పోలార్ అలైన్‌మెంట్ (మౌంట్ అక్షాన్ని ఆకాశ ధ్రువం వైపు పెట్టడం) సరిచేస్తూ కూర్చున్నా, తీరా చూస్తే తప్పు సీఎస్‌వీ ఫైల్లో ఉంది, అంటే చూడాల్సిన వస్తువుల జాబితాని ఎక్స్‌పోర్ట్ చేసిన పట్టికలో. అందులో ప్రతి వస్తువుకీ ఆర్‌ఏ, డెక్ ఉంటాయి: ఆకాశానికి రేఖాంశం, అక్షాంశం లాంటివి. ఆర్‌ఏని గంటల్లోనూ రాస్తారు, డిగ్రీల్లోనూ రాస్తారు.

గంటలు-నిమిషాలు-సెకన్ల రూపం కంటికి బాగుంటుంది, అట్లాసుల్లోనూ అదే. కానీ ఫైల్ మీద డబుల్ క్లిక్ చేశామో, ఎక్సెల్ దాన్ని గడియారం టైమ్ అనుకుంటుంది. ఓరయన్ నెబ్యులా ఆర్‌ఏ 05:35:17.3 కాస్తా 35:17.3గా కనిపిస్తుంది, అలాగే సీఎస్‌వీగా సేవ్ చేస్తే ఐదు గంటలూ గల్లంతే. ఇంకో దొంగ ఉన్నాడు: మైనస్ సున్నా. ఓరయన్ నడుం మీది మూడు చుక్కల్లో ఒకటైన మింటకా డెక్ మైనస్ 0 డిగ్రీల 18 ఆర్క్ నిమిషాలు (ఆర్క్ నిమిషం అంటే డిగ్రీలో 60వ వంతు). డిగ్రీలకో కాలమ్, నిమిషాలకో కాలమ్ ఉన్న ఫైల్లో ఆ -0 వట్టి 0 అయిపోతుంది, గుర్తు పోతుంది, టెలిస్కోప్ 36 ఆర్క్ నిమిషాలు ఉత్తరానికి జరుగుతుంది. నిండు చందమామ వెడల్పు కంటే ఎక్కువే.

దశాంశంలో అదే -0.3, ఎక్సెల్ దాని జోలికి పోదు. ఇక్కడి చిక్కు వేరు: ఆర్‌ఏ డిగ్రీల్లోనా, గంటల్లోనా? గంటకు 15 డిగ్రీలు. ఓరయన్ నెబ్యులా 83.82 అని వస్తే 24 దాటింది కాబట్టి గంటలు కావని ఇట్టే తెలుస్తుంది. ఆండ్రోమెడా గెలాక్సీ 10.68 డిగ్రీలు, దాన్ని గంటలనుకున్న ప్రోగ్రామ్ కిక్కురుమనకుండా సప్తర్షి మండలం దరిదాపులకు తీసుకెళ్తుంది.

అయినా నా ఓటు దశాంశ డిగ్రీలకే, హెడర్‌లో యూనిట్ రాసి ఉంటే. పేపర్ మీద ప్రింట్ తీసుకుని చేత్తో వెతికేవాళ్లకైతే గంటలే హాయి. ఏదైనా సరే ముందు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. ఎక్సెల్ తప్పదంటే డేటా మెనూ నుంచి ఇంపోర్ట్ చేసి, ఆ కాలమ్స్‌ని టెక్స్ట్‌గా పెట్టండి.

అన్నీ మూడోవంతు డిగ్రీ దాకా పక్కకు పోతున్నాయా? ఫార్మాట్‌ని అనుమానించకండి, అది జే2000 (2000 సంవత్సరం నాటి ఆర్‌ఏ, డెక్), జేనౌ (ఈనాటివి) తేడా. భూమి అక్షం మెల్లగా దిశ మారుతుండటంతో ఈ అంకెలూ జరుగుతుంటాయి. ఏడాదికి 50 ఆర్క్ సెకన్ల చొప్పున పాతికేళ్లలో అంత పోగైంది. టైమ్ కాలమ్ 5:30 గంటలు వెనకుంటే మాత్రం అది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం), మన రాత్రి 2 గంటలు అందులో ముందు రోజు 20:30 అని ఉంటుంది.