సెక్యూర్ బూట్ ఆపకుండా సొంత కెర్నల్: చాలాకాలం వాడాక

సొంతంగా కంపైల్ చేసిన లైనక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) వేసుకుంటానంటే ఎక్కువమంది ఇచ్చే సలహా ఒకటే: ముందు సెక్యూర్ బూట్ ఆపేయ్. నమ్మిన సంతకం లేనిదాన్ని బూట్ కానివ్వని రక్షణ అది. నేను ఆపలేదు. ఉబుంటు ల్యాప్‌టాప్‌లో, కెర్నల్ డాట్ ఆర్గ్ సోర్సుతో కట్టుకున్న కెర్నల్‌నే చాలాకాలంగా వాడుతున్నాను. మొదట్లో పడే తిప్పలు దాటితే రోజువారీ ఇబ్బందేమీ లేదు.

ఫర్మ్‌వేర్ నమ్మేది మైక్రోసాఫ్ట్ సంతకం ఉన్న షిమ్ అనే చిన్న బూట్ ప్రోగ్రామ్‌ని. ఆ షిమ్ మన సొంత కీని, అంటే మోక్‌ని (మెషీన్ ఓనర్ కీ) కూడా నమ్మేలా చేసుకోవచ్చు. మోక్‌యుటిల్ కమాండ్‌తో కీని ఇంపోర్ట్ చేసి, ఒక తాత్కాలిక పాస్‌వర్డ్ ఇచ్చి రీబూట్ చేస్తే ఆ కీని ఖరారు చేసే నీలం తెర వస్తుంది. అది కొన్ని సెకన్లే ఆగుతుంది. ఈలోగా ఏదైనా మీట నొక్కకపోతే మామూలుగా బూట్ అయిపోతుంది, మళ్లీ మొదటికే.

అసలు చిక్కు వేరే ఉంది. డీకేఎంఎస్ మాడ్యూళ్ల (కెర్నల్ మారినప్పుడల్లా తిరిగి కంపైలయ్యే బయటి డ్రైవర్ల) కోసం ఉబుంటు తానే ఒక మోక్ తయారుచేసి పెడుతుంది. అది మాడ్యూళ్ల సంతకానికి మాత్రమే అని ఆ సర్టిఫికెట్‌లోనే రాసి ఉంటుంది. దాంతో కెర్నల్‌కి సంతకం చేస్తే షిమ్ ఒప్పుకోదు, బూట్ మెనూ చూపే గ్రబ్ 'బ్యాడ్ షిమ్ సిగ్నేచర్' అంటుంది. కీ నమోదై ఉంది, సంతకమూ ఉంది, అయినా బూట్ కాదు! అందుకే కెర్నల్‌కి వేరే కీ తయారుచేసుకోవడం మేలు.

సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే లాక్‌డౌన్ (నడుస్తున్న కెర్నల్‌ని అడ్మిన్ కూడా మార్చకుండా అడ్డుకునే రక్షణ) కూడా దానంతటదే వస్తుందనుకోవడం మామూలే. ఉబుంటు ఇచ్చే కెర్నల్‌లో అది నిజం, ఎందుకంటే వాళ్లు దానికి ప్యాచ్ కలుపుతారు. 2019లో వచ్చిన కెర్నల్ 5.4 నుంచి లాక్‌డౌన్ మెయిన్‌లైన్‌లో (కెర్నల్ డాట్ ఆర్గ్ అసలు సోర్సులో) ఉన్నా, అక్కడ మనమే బూట్ ఆప్షన్‌తోనో బిల్డ్ కాన్ఫిగ్‌లోనో ఆన్ చేసుకోవాలి. నేను లాక్‌డౌన్‌లో తేలికదైన ఇంటెగ్రిటీ మోడ్ పెట్టాను. హైబర్నేషన్ పోయింది. ప్రాసెసర్ వోల్టేజ్ తగ్గించే టూల్ కూడా పనిచేయడం మానేసింది, ప్రాసెసర్ సెట్టింగులుండే ఎంఎస్ఆర్ రిజిస్టర్లలో లాక్‌డౌన్ రాయనివ్వదు కదా. హైబర్నేట్ లేకుండా పని జరగనివాళ్లు ఇక్కడే ఆలోచించుకోవాలి. నాకు సస్పెండ్ సరిపోయింది.

కెర్నల్‌తో పాటే కంపైలయ్యే మాడ్యూళ్లకు సంతకం బిల్డ్‌లోనే పడిపోతుంది. బయటి మాడ్యూళ్లతోనే టెన్షన్. మోక్‌తో సంతకం చేసినా మెయిన్‌లైన్ కెర్నల్ 'కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్' అని తిప్పికొట్టవచ్చు. కెర్నల్ 5.18లో వచ్చిన మెషీన్ కీరింగ్ (మోక్‌లను కెర్నల్ నమ్మే జాబితా) ఆప్షన్ లేకుండా కడితే మాడ్యూళ్ల విషయంలో అది మోక్‌ని లెక్కలోకే తీసుకోదు. ఉబుంటు కాన్ఫిగ్ ఫైలునే కాపీ చేసుకుంటే ఇంకో చికాకు: అందులో ఉబుంటు తయారుచేసే కెనానికల్ సంస్థ సర్టిఫికెట్ల దారులు ఉంటాయి, ఆ ఫైళ్లు మన దగ్గర ఉండవు కాబట్టి బిల్డ్ మధ్యలో ఆగిపోతుంది. అలాంటి దారులున్న విలువలన్నీ ఖాళీ చేస్తే చాలు.

ఇప్పుడు సంతకం పని పోస్ట్‌ఇన్‌స్ట్ హుక్ (కెర్నల్ ఇన్‌స్టాల్ కాగానే నడిచే స్క్రిప్ట్) చేసేస్తోంది. ప్రైవేట్ కీని మాత్రం అదే డిస్కులో ఉంచలేదు. రూట్ (అడ్మిన్) అధికారం చేజిక్కించుకున్నవాడు దాంతో తన కెర్నల్‌కే సంతకం చేసుకోగలిగితే ఈ తతంగమంతా దండగే. కీ పెన్‌డ్రైవ్‌లో ఉంది, అది గుచ్చకపోతే హుక్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఉబుంటు సొంత కెర్నల్‌ని కూడా గ్రబ్ మెనూలోంచి తీసేయలేదు, కొత్త బిల్డ్ మొరాయించినప్పుడు అందులోకే వెళ్తాను.