సోమశిలలో ఒక రాత్రి, అమ్మ ఎండుచేపలు

మా నల్లగొండవాళ్లకు నీళ్లంటే నాగార్జునసాగరే. 26 గేట్లు ఎత్తారని ఫోన్లో వీడియో రాగానే బయల్దేరతాం, ఫొటోలు దిగుతాం, రాత్రి భోజనానికి ఇంటికొచ్చేస్తాం. ఇన్నేళ్లలో అక్కడి హిల్‌కాలనీలో ఒక్క రాత్రి పడుకున్న గుర్తు లేదు. అందుకే అక్టోబరులో అమ్మను, పిల్లలను తీసుకుని కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డునున్న సోమశిల వెళ్లినప్పుడు రాత్రి అక్కడే ఉండాలని ముందే అనుకున్నాం.

దేవరకొండ, కల్వకుర్తి, నాగర్‌కర్నూల్ మీదుగా కొల్లాపూర్ చేరాం. పెట్రోలు, నగదు పని అక్కడే చూసుకోండి. సోమశిలలో ఫోన్‌పే తీసుకుంటారు గానీ మాకు సిగ్నల్ దోబూచులాడింది.

మేం దిగింది ఒక ప్రైవేటు గది, పేరెందుకులెండి. రాత్రికి 2,500. వరండాలో నిలబడితే కృష్ణ మొత్తం కళ్లముందే. అంతవరకే సుఖం. వేడినీళ్లు రాలేదు. పొద్దున టిఫిన్ ఉందన్నారు, తీరా చూస్తే వంటమనిషి రాలేదు. ఓనరు హైదరాబాద్‌లో ఉంటాడట, అక్కడున్న కుర్రాడికి ఫోన్ చేయడం తప్ప ఏ అధికారమూ లేదు. ఆ 2,500లో ఊరికి మిగిలింది ఆ కుర్రాడి జీతమే అనిపించింది.

టిఫిన్ లేకపోవడమే మంచిదైంది, తిన్నగా ఘాటుకు పోయాం. ఒకామె రవ్వ చేపకు కత్తితో అడ్డంగా గాట్లు పెట్టి, ఆ సందుల్లోకి కారం, అల్లంవెల్లుల్లి ముద్ద వేలితో కూరుతోంది. పొయ్యి మీద అట్లపెనం, పక్కన కోసిన నిమ్మచెక్కలు. అమ్మ పీట లాక్కుని కూర్చుంది.

"చేపలు మీవేనా బిడ్డా?"

"మావే అమ్మా. సేటు వలకు అడ్వాన్స్ ఇచ్చిండు గద, పట్టినయి ఆయనకే ఎయ్యాలె. ఆయన చెప్పిందే రేటు. గిట్ల ఏంచి అమ్మిన కాడికి మాత్రం పైసలు నా చేతికొస్తయ్."

మా ఐదుగురికి 600 అయింది. గది మీద పెట్టిన దాంట్లో పావు వంతు కూడా కాదు, కానీ మొత్తం ఆమె కొంగులోకే పోయింది.

లలితా సోమేశ్వరాలయం గురించి అమ్మను అడిగితే గంటసేపు చెప్తుంది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోకుండా కిందనుంచి పైకి తరలించిన గుడి అది. అవతలి ఒడ్డున సంగమేశ్వరం గుడి మాత్రం నీళ్లలోనే ఉంది. వానాకాలంలో మునిగి, ఎండాకాలం ముందు నీళ్లు తగ్గాక బయటపడుతుంది. అక్కడి వేపచెక్క లింగం చూడాలంటే శివరాత్రి తర్వాత రావాలి, నిండు నీళ్లు చూడాలంటే మాలాగ అక్టోబరులో. రెండూ ఒకే ట్రిప్పులో కుదరవు.

2024లో కేంద్ర పర్యాటక శాఖ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో సోమశిల పేరు ఉంది. మేం వెళ్లిన రోజు ఘాటు దగ్గరి మరుగుదొడ్డికి తాళం ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో రెండు కొట్లవాళ్లను అడిగినా తెలియలేదు. ఆడవాళ్లతో వెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

శ్రీశైలం దాకా పెద్ద లాంచీ కూడా ఉంది, దాదాపు ఏడు గంటల ప్రయాణం. నల్లమల కొండల మధ్య నుంచి పోతుంది కాబట్టి ఓపికున్నవాళ్లకు బాగుంటుంది. కానీ లాంచీకొచ్చే జనం బండి దిగీ దిగగానే అది ఎక్కేస్తారు, చేపల పొయ్యి దాకా రారు. మేం చిన్న మరబోటు మాట్లాడుకున్నాం. పిల్లల సైజు లైఫ్ జాకెట్లు రెండే ఉన్నాయి, ముగ్గురు పిల్లలకూ తొడిగితేనే ఎక్కుతామన్నాను. బోటతను నవ్వుతూనే మూడోది ఇంకో బోటులోంచి తెచ్చాడు.

ఆ బోటతని నాన్న విశాఖ వైపు సముద్రం వదిలి వలలతో ఇక్కడికొచ్చి స్థిరపడ్డాడట. సోమశిల, అవతలి ఒడ్డు సిద్ధేశ్వరం మధ్య వంతెనకు 2022లోనే కేంద్రం ఒప్పుకుంది కదా, మీకు మంచిదేనా అని అడిగాను.

"ఇప్పుడు అవతలికి పోయే జనం మా బోటే ఎక్కాలి సార్. బ్రిడ్జి పడితే వాళ్లు ఎందుకెక్కుతారు? ఇక మీలాగ చూడ్డానికొచ్చేవాళ్లే మాకు దిక్కు" అన్నాడు. ఇంజన్ ఆపి కాసేపు నీళ్లమీద వదిలేశాడు, దానికి విడిగా డబ్బులడగలేదు.

తిరిగొచ్చేటప్పుడు అమ్మ అదే ఆమె దగ్గర కిలో ఎండుచేపలు కొంది. కల్వకుర్తి దాకా కారు అద్దాలు దించుకునే వచ్చాం.