ఇంటిల్లిపాదీ ఎస్కేప్ రూమ్‌కి: ఏ థీమ్ ఎవరికి కుదురుతుంది

ఎస్కేప్ రూమ్ అంటే, ఒక జట్టు గదిలోకి వెళ్లి, అక్కడ దాచిన ఆధారాలు వెతికి, పజిళ్లు విప్పి, తాళాలు తెరిచి గడువులోగా బయటపడే ఆట. దాని ప్రకటనల్లో కనిపించేదంతా థీమే. మమ్మీల సమాధి, సముద్రపు దొంగల ఓడ, పిచ్చి శాస్త్రవేత్త ల్యాబు, హత్య జరిగిన బంగళా. స్నేహితుల గుంపు థీమ్ చూసి బుక్ చేసుకున్నా పెద్దగా నష్టం ఉండదు. ఎనిమిదేళ్ల పిల్ల, పదిహేనేళ్ల కుర్రాడు, అమ్మానాన్న, మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ కలిసి వెళ్లేటప్పుడు మాత్రం థీమ్ కంటే ముందు అడగాల్సింది ఒకటుంది: ఆ గదిలో ఒకేసారి ఎన్ని చేతులకు పని దొరుకుతుంది?

కొన్ని గదులు గొలుసులా ఉంటాయి. మొదటి పజిల్ తేలితేనే రెండోది, రెండోది తేలితేనే మూడోది. ఒకరు తాళం తిప్పుతుంటే ఇంకొకరు అంకెలు చదువుతారు, మిగతావాళ్లు వాళ్ల భుజాల మీద నుంచి తొంగి చూస్తుంటారు. ఇద్దరికి ఇది హాయిగా ఉంటుంది. ఐదుగురికి నరకం, అందులోనూ పిల్లలకు. ఇంకో రకం గదుల్లో మూడు నాలుగు పజిళ్లు ఒకేసారి తెరిచి ఉంటాయి. ఎవరికి నచ్చింది వాళ్లు పట్టుకుంటారు, జవాబులన్నీ చివర్లో ఒక పెద్ద తాళం దగ్గర కలుస్తాయి. కుటుంబానికి కావాల్సింది ఇదే. ఏది ఏ రకమో వెబ్‌సైట్‌లో రాయరు కాబట్టి ఫోన్ చేసి, "ఆట మొదలవగానే మూసి ఉన్న పెట్టెలు, తాళాలు ఎన్ని కనబడతాయి?" అని అడగండి. నాలుగైదు అంటే పని ఉన్నట్టే. "ఒకటి తెరిస్తే మిగతావి తెలుస్తాయి" అంటే గొలుసు గది.

బోర్డు మీద "2 నుంచి 8 మంది" అని ఉంటుంది. ఆ 8 గది కొలత, ఆట కొలత కాదు. మనిషికింత అని వసూలు చేసే చోట ఆ అంకెను పెద్దదిగా వేయడంలో వాళ్ల లాభం వాళ్లకుంది. మామూలు గదికి నలుగురు సరిపోతారు, ఐదుగురు సర్దుకోవచ్చు. ఆరుగురు దాటితే రెండు జట్లుగా విడిపోయి, పెద్దా చిన్నా రెండు వైపులా ఉండేలా పంచుకుని, పక్కపక్క గదుల్లో ఆడటం మేలు. ఒకే గదికి రెండు నకళ్లు పెట్టి పందెం ఆడించే చోట్లు కూడా ఉన్నాయి, పిల్లలకు అవి మహా సరదా. కొన్ని చోట్ల ఖాళీ మిగిలితే ముక్కూమొహం తెలియని వాళ్లను కలిపేస్తారు. బుకింగ్ మీ ఇంటివాళ్లకు మాత్రమేనా అన్నది ముందే తేల్చుకోండి.

ఇక థీమ్‌లు. చిన్నపిల్లలున్న ఇంటికి మా మొదటి ఓటు దొంగల ఓడకే. చక్రం తిప్పడం, తాడు లాగడం, నాణేలను తక్కెడలో వేసి తూచడం లాంటి చేత్తో చేసే పజిళ్లు ఇందులో ఎక్కువ. చదవడం రాని ఆరేళ్ల పిల్లకూ పని దొరుకుతుంది. సమాధి, పురాతన గుడి థీమ్‌లు దీని తర్వాత. బొమ్మలను జత చేయడం, రాళ్లను వరసలో అమర్చడం కాబట్టి భాషతో పని తక్కువ. కాకపోతే ఇవి చీకటిగా ఉంటాయి, కొన్నింట్లో పొగ యంత్రం కూడా పెడతారు. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే పొగ ఆపి ఆడించమని ముందే చెప్పాలి. మెరుపులా ఆరి వెలిగే లైట్లుంటే మూర్ఛ ఉన్నవాళ్ల కోసం వాటినీ ఆపించాలి. అడిగితే చాలాచోట్ల కాదనరు.

డిటెక్టివ్ ఆఫీసు గది పెద్దవాళ్ల గది. ఫైళ్లు, ఉత్తరాలు, వార్తాపత్రిక ముక్కలు, ఎవరు ఎప్పుడు ఎక్కడున్నారన్న లెక్కలు. తాతయ్యలు ఇందులో చెలరేగిపోతారు, ఎనిమిదేళ్లవాడు పది నిమిషాల్లో నేల మీద కూర్చుండిపోతాడు. దీన్ని ఎంచుకుంటే కాగితాలు ఏ భాషలో ఉన్నాయో కనుక్కోండి. ఇంట్లో ఇద్దరికే వచ్చిన భాషలో ఉంటే ఆ ఇద్దరే ఆడతారు, తక్కినవాళ్లు ప్రేక్షకులు.

జైలు గది సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. చాలా జైలు గదుల్లో జట్టును మొదట్లోనే రెండు కొట్లుగా విడదీస్తారు. ఒక కొట్లో గుర్తులుంటే వాటి అర్థం రెండో కొట్లో ఉంటుంది, అరిచి చెప్పుకోవాలి. పన్నెండేళ్లు దాటిన పిల్లలున్న ఇంటికి ఇంతకన్నా మంచి గది లేదు, ఎందుకంటే అవతల ఉన్నవాళ్లకు అర్థమయ్యేలా వర్ణించడమే ఇక్కడ పజిల్. "ఆ వంకర గుర్తు" అంటే పని జరగదు; "మూడు గీతలు, మధ్యది పొడుగు, కింద చుక్క" అనాలి. అయితే ఏడెనిమిదేళ్ల పిల్లలు అమ్మానాన్నలకు దూరంగా, కటకటాల వెనక పది పదిహేను నిమిషాలు ఉండాల్సి వస్తే బెంబేలెత్తిపోతారు. బేడీలు కూడా వేస్తారా, వేస్తే తాళంచెవి లేకుండా మీట నొక్కి విప్పుకునే రకమేనా అని అడగండి. కాదంటే ఆ బేడీలు వద్దనండి.

ల్యాబు, బాంబు థీమ్‌లలో రంగు తీగలు, రంగు ద్రవాలు ఎక్కువ. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని వర్ణాంధత్వం మగవాళ్లలో సుమారు 12 మందిలో ఒకరికి ఉంటుంది, చాలామంది పిల్లల విషయంలో ఇంట్లోవాళ్లకు తెలియనే తెలియదు. పిల్లాడు పదేపదే తప్పు తీగ పెడుతుంటే కసురుకోకుండా పని మార్చండి. అంతరిక్ష నౌక గదులు చూడటానికి అదిరిపోతాయి, బటన్లు నొక్కుతుంటే పిల్లలకు తనివి తీరదు. అన్నీ సెన్సర్లే కావడంతో మొరాయించేది కూడా ఇవే ఎక్కువ. దయ్యాల గదుల్లో అసలు ప్రశ్న ఒక్కటే: లోపల మనిషి వేషం వేసుకుని వస్తాడా? వస్తాడంటే పన్నెండేళ్ల లోపు పిల్లలతో వెళ్లొద్దు. భయపడిన పిల్ల ఒక్కతే ఉన్నా ఆ గంట అందరికీ చేదే.

ఏ థీమ్ అయినా ఇంకొన్ని విషయాలు కనుక్కోవాలి. పాకుతూ దూరే సొరంగం ఉందా? కూర్చోవడానికి కుర్చీ ఉందా? వెలుతురు ఎంత? చదివే కళ్లజోడు మరిచిపోయి రావడం పెద్దవాళ్ల ఆటను పాడుచేసినంతగా ఏ కష్టమైన పజిలూ పాడుచేయదు.

గడియారం చూస్తే ఆట 60 నిమిషాలు. నిబంధనలు చెప్పడం, సంతకాలు, సామాన్లు లాకర్లో పెట్టడం, చివర్లో ఫొటో కలుపుకుంటే గంటన్నర పోతుంది. 15 నిమిషాలు ముందు చేరాలి, ఆలస్యమైతే ఆ సమయాన్ని ఆటలోంచే కోసేసే చోట్లున్నాయి. పిల్లలను లోపలికెళ్లే ముందే బాత్రూమ్‌కి పంపండి. ఒకరోజులో రెండు గదులు చాలు, మధ్యలో కనీసం గంట విరామం, తిండి ఆ విరామంలో. మూడో గదిలో పెద్దలే పెట్టె తెరిచి ఉన్నా గమనించరు.

లోపల మొదటి ఐదు నిమిషాలు పజిళ్ల జోలికి పోకుండా వెతుకులాటకే ఇవ్వాలి. గదిని గోడల వారీగా పంచుకోండి. సొరుగు లాగి చూడటం కాదు, దాని అడుగున, వెనక్కి చెయ్యి పెట్టి చూడాలి. పుస్తకాల మధ్య, కోటు జేబుల్లో, తివాచీ కింద. ఈ పనిలో పిల్లలను మించినవాళ్లు లేరు, వాళ్ల కళ్లు బల్ల అడుగు ఎత్తులోనే ఉంటాయి మరి. దొరికిన ప్రతిదాన్నీ గట్టిగా పేరు చెప్పి ఒకే బల్ల మీద పెట్టాలి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, తాళంచెవి నాన్న జేబులోనే ఉండగా పావుగంట గడిచిపోవడం ఈ ఆటలో మామూలు. వాడేసిన తాళంచెవిని ఆ తాళానికే వదిలేయాలి, వాడేసిన కాగితాలు పక్కకు తీయాలి. సాధారణంగా ఒక వస్తువుకు ఒకే పని ఉంటుంది. కరెంటు ప్లగ్గులు, సీలింగు, "ముట్టవద్దు" అని స్టిక్కరున్నవి ఆటలో భాగం కావు. ఏదైనా తెరవడానికి రెండు వేళ్ల బలం సరిపోవాలి. అంతకంటే ఎక్కువ కావాలంటే అది ఇంకా తెరిచే సమయం రాలేదన్నమాట.

తాళాల లెక్క తెలిస్తే సమయం మిగులుతుంది. మూడు చక్రాల అంకెల తాళానికి 1000 అవకాశాలు. రెండు అంకెలు తెలిసి మూడోది తెలియకపోతే 10 సార్లు తిప్పితే చాలు, అర నిమిషం పని. మూడు వేర్వేరు అంకెలు తెలిసి వరస తెలియకపోతే 6 రకాలు, నాలుగైతే 24. ఆ 24 తిప్పే పనిని ఓపికున్న పిల్లకు అప్పగించి మిగతావాళ్లు ముందుకెళ్లొచ్చు. కోడ్ సరైనదే అయినా తాళం రావడం లేదంటే అంకెలు గీతకు ఎదురుగా లేకపోవడమే ఎక్కువసార్లు కారణం. కొన్ని తాళాల్లో గీత పక్కవైపు ఉంటుంది. కొక్కేన్ని ఒకసారి లోపలికి నొక్కి తర్వాత లాగండి. పైకి, కిందికి, పక్కలకు తోసే దిక్కుల తాళం ఇంకా మోసకారి: ప్రతి ప్రయత్నానికి ముందు కొక్కేన్ని రెండుసార్లు లోపలికి నొక్కి పాతది చెరిపేయాలి. ఇది తెలియక సరైన జవాబునే తప్పనుకుని వదిలేసిన జట్లు ఎన్నో.

సెన్సర్ పజిళ్లలో విద్యుత్ అయస్కాంతంతో మూసిన తలుపులుంటాయి. జవాబు సరిపోతే "టక్" మని చిన్న చప్పుడు వస్తుంది, తలుపు దానంతటది తెరుచుకోదు, లాగాలి. వస్తువును పీఠం మీద పెట్టే పజిల్లో అడుగున చిప్ ఉంటుంది. అంచున పెడితే చదవదు, మధ్యలో పెట్టి రెండు సెకన్లు ఆగాలి. నలుగురూ ఒకేసారి చేతులు పెట్టి కదిలిస్తుంటే ఎంత మంచి యంత్రమైనా ఏం చేస్తుంది?

నిర్వహణ ఎలా ఉందో పాత కీప్యాడ్ చెప్పేస్తుంది. నాలుగు బటన్లే అరిగి మెరుస్తుంటే కోడ్ బయటపడ్డట్టే. టార్చిలో బ్యాటరీ నీరసపడటం, ముందు జట్టు పెన్సిల్ గీతలు కాగితం మీద మిగిలిపోవడం, ఒక పెట్టె ముందే తెరిచి ఉండటం, ఇవన్నీ ఆటకూ ఆటకూ మధ్య గదిని సర్దే సమయం చాలని చోట కనబడే లోపాలు. సెలవు రోజు సాయంత్రం కంటే పొద్దున మొదటి ఆట మేలు.

హింట్ అడగడం నామోషీ కాదు. 2015లో స్కాట్ నికల్సన్ అనే ఆచార్యుడు 175 ఎస్కేప్ రూమ్ సంస్థలను సర్వే చేస్తే, గడువులోగా బయటపడే జట్లు సగటున సుమారు 41 శాతమే అని తేలింది. గంటలో పది పదిహేను పజిళ్లు ఉన్నప్పుడు ఒకదాని మీద ఐదు నిమిషాలు దాటి కూర్చుంటే అడిగేయాలి. మంచి గేమ్ మాస్టర్, అంటే బయట కూర్చుని ఆట నడిపించే మనిషి, కెమెరాలో చూస్తూ, జవాబు చెప్పకుండా "ఆ అద్దం దగ్గరికి మళ్లీ వెళ్లండి" అంటాడు. చెడ్డవాడు అడిగిన రెండు నిమిషాలకు కోడ్ చదివేస్తాడు. పిల్లలున్నారని, వాళ్లకు అందేలా హింట్ ఇవ్వమని మొదట్లోనే చెబితే తేడా కనబడుతుంది. పెద్దలకో మాట: జవాబు మీకు తట్టినా ముప్పై సెకన్లు నోరు కట్టుకోండి.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటం పనికిరాదు. తకావో కాతో 2007లో క్యోటోలో మొదలుపెట్టిన ఈ ఆట ప్రపంచమంతా పాకిన వేగంతో దాని భద్రతా నియమాలు పాకలేదు. 2019 జనవరిలో పోలండ్‌లోని కోషాలిన్‌లో ఒక ఎస్కేప్ రూమ్‌లో మంటలు రేగి పదిహేనేళ్ల అమ్మాయిలు ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత తనిఖీల్లో ఆ దేశంలో చాలా గదులు మూతపడ్డాయి. అందుకే లోపలికెళ్లగానే పజిల్ కంటే ముందు తలుపు చూడండి. వచ్చిన తలుపు లోపలి నుంచి తెరుచుకోవాలి, లేదా పక్కనే నొక్కితే తాళం వదిలేసే బటన్ ఉండాలి. కరెంటు పోతే అయస్కాంత తాళాలు వాటంతటవే వదులుతాయా అని అడగండి, ఒకసారి తీసి చూపించమనండి. గదిని కెమెరాలో చూసే మనిషి ఆట సాగినంతసేపూ సీట్లో ఉండాలి. ఈ ప్రశ్నలకు చిరాకుపడే చోట డబ్బు వదులుకునైనా తిరిగొచ్చేయడమే.

ఒకసారి ఆడిన గది మళ్లీ పనికిరాదు, జవాబులన్నీ తెలిసిపోతాయి. కాబట్టి గడువు ముగిసినా మిగిలిన పజిళ్లను విప్పి చూపించమని అడగండి, చాలామంది గేమ్ మాస్టర్లు ఇష్టంగా చూపిస్తారు. బయటికొచ్చేటప్పుడు పిల్లల జేబులు తడమండి. ఒక చిన్న ఇత్తడి తాళంచెవో, దొంగల నాణెమో ఉండే ఉంటుంది. అది మీ ఇంటికొస్తే తర్వాతి జట్టు ఆ పెట్టె ముందు గంటసేపు కూర్చుంటుంది.