అజేలియా బాగుంది, దాంతో అంటగట్టే మట్టే బాలేదు

'రోడోడెండ్రాన్, ఊటీ మొక్క' అని బోర్డు చూసి ఆశపడే మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. రామమూర్తి నగర్ వైపు ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న నర్సరీ ఇది. పేరు రాయను. బెంగళూరులో ఇదే సరుకు, ఇవే మాటలు చాలా చోట్ల వినబడతాయి.

ముందు మొక్క సంగతి. నీలగిరి కొండల మీద ఎర్రగా పూసే రోడోడెండ్రాన్ అసలు పొద కాదు, చెట్టు. చలిలో, మంచులో పెరిగే జాతి. 900 మీటర్ల ఎత్తున్న మన ఊళ్లో, డాబా మీద కుండీలో పెడితే బతుకుతుందని ఎవరు చెప్పినా నేను నమ్మను. ఇక్కడ అమ్మేది అజేలియా. అదీ రోడోడెండ్రాన్ కుటుంబంలోదే కాబట్టి బోర్డు అబద్ధం అనడానికి లేదు, తెలివైన బోర్డు అంతే. ఆకు పట్టుకుంటే తేడా తెలిసిపోతుంది. నీలగిరి చెట్టుది తోలులాంటి దళసరి ఆకు, అజేలియాది చిన్నగా, నూగుతో ఉంటుంది.

450 రూపాయలకు నాకిచ్చిన మొక్క మాత్రం నిజంగా బాగుంది. ముద్ద గులాబీ రంగు పూలు, కొమ్మ కొమ్మకీ మొగ్గలు, వేర్లు కుండీ నిండా సన్నగా అల్లుకుని ఉన్నాయి. తెగులు లేదు. దీన్ని చూపించిన కుప్పం కుర్రాడికి ఓనరు కన్నా ఎక్కువ తెలుసు. "అక్కా, పొద్దుటి ఎండ చాలు, మధ్యాన్నం ఎండ చూపించొద్దు. బోరు నీళ్లు పోస్తే ఆకంతా పసుపైపోతాది" అన్నాడు. వంద శాతం కరెక్ట్.

అజేలియాకు పులుపు నేల కావాలి, పీహెచ్ (పులుపు కొలిచే అంకె, ఏడు కన్నా తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) నాలుగున్నర నుంచి ఆరు లోపు. బకెట్‌లో వేసే హీటర్ రాడ్డుకు తెల్లగా పెచ్చు కట్టించే మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. రోజూ అవే పోస్తే మట్టి పులుపు పోతుంది. అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. ఈనెలు పచ్చగా, మధ్య భాగం పసుపుగా మారిన లేత ఆకులు కనిపిస్తే కారణం చాలాసార్లు అదే. పసుపు చూసి యూరియా వేయడం దండగ. వాన నీళ్లు పట్టి పెట్టుకోవాలి. అవి అయిపోయినప్పుడు బోరు నీళ్లలో ఐరన్ చిలేట్ (వేరు తేలిగ్గా తీసుకోగలిగే రూపంలో ఉన్న ఇనుము) కొంచెం కలిపి పోయాలి.

ఇక ఓనరు. బిల్లు వేసేటప్పుడు 200 రూపాయల మట్టి సంచి ఒకటి తగిలిస్తాడు. "మేడమ్, ఇదే మట్టి అన్ని మొక్కలకీ" అంటాడు. అందులో ఎర్రమట్టి, వర్మీకంపోస్టు, గుప్పెడు ఎముకల పొడి. బంతికీ, టమాటాకీ భేష్, నేను వాటికే వాడాను. ఎముకల పొడిలో ఉన్నది కాల్షియం, అంటే అజేలియాకు సరిగ్గా వద్దన్నదే. ఇంటికొచ్చి పీహెచ్ పేపర్‌తో చూస్తే రంగు ఏడు దాటింది. మొక్క బతకాలని అమ్ముతున్నాడా, మళ్లీ కొనాలని అమ్ముతున్నాడా అని అనుమానం వస్తుంది.

నేను వాడేది బాగా కడిగిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), చివికిన ఆకుల ఎరువు, కొద్దిగా ఎర్రమట్టి. పైన సరుగుడు ఆకులు మందంగా పరుస్తాను, వేర్లు పైపైనే ఉంటాయి కాబట్టి అవి ఎండకూడదు. లోతుగా పాతొద్దు, మొక్క వచ్చిన మట్టిముద్ద కుండీ మట్టికి ఒక పిసరు పైనే ఉండాలి. ఫిల్టర్ కాఫీ పిప్పి వేస్తే నేల పులిసిపోతుందని అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకరు తెగ చెబుతుంటారు. వాడిన పిప్పిలో పులుపు పెద్దగా మిగలదు, పుల్లటిదంతా కప్పులోకి వెళ్లిపోయింది కదా.

రెండో ఏడు పూలు తగ్గాయి. దానికి నర్సరీని అనను. ఇది సరిగా పూయాలంటే కొన్ని వారాలు గట్టి చలి కావాలి, మన డిసెంబరు చలి సరిపోదు. కత్తిరింపు పూలు రాలగానే అయిపోవాలి. వర్షాకాలం మధ్యలో కత్తెర పెడితే వచ్చే ఏటి మొగ్గలే పోతాయి.

నర్సరీలో ఎవరూ చెప్పని ముఖ్యమైన విషయం ఒకటుంది. దీని ఆకులు, పూలు విషం. కుక్కలు, పిల్లులు, మేకలు నమిలితే ప్రమాదం. పాకే పాప ఉన్న ఇంట్లో కుండీ అందని చోటే పెట్టండి. కుండీ మీద చిన్న చీటీ అతికిస్తే ఓనరుకు పోయేదేముంది?

మొక్కకు నాలుగు స్టార్లు, కుర్రాడికి ఐదు, మట్టి సంచికి ఒకటి. కొనాలంటే జనవరిలో, కాస్త పొద్దున్నే వెళ్లండి. పూర్తిగా విచ్చుకున్నదాన్ని కాకుండా మొగ్గలెక్కువ ఉన్నదాన్ని ఏరుకోండి. ఒక్కటి తీసుకుంటే రేటు తగ్గించడు. రెండు తీసుకుంటే యాభై వదిలేస్తాడు, కానీ సంచి వద్దని ముందే చెప్పండి.